పెడల్ చెప్పే మాట



ఇది ఒక పాత కారు కథ. కథ అంటే కథ ఒక్కటే కాదు. అందులో ఒక పని ఉంది. ఆ పని ఎలా చెయ్యాలో కూడా చెప్పుకుందాం.

కారు మనకెందుకు అనుకోకండి. మన ఇళ్లలో ఆడవాళ్లు ఇప్పుడు స్కూటర్లు నడుపుతున్నారు. ఆటోలు నడుపుతున్నారు. కార్లూ నడుపుతున్నారు. నడిపే మనిషికి బండి సంగతి కొంచెమైనా తెలియాలి. తెలియకపోతే ఏమవుతుందో మా అక్కకు తెలిసివచ్చింది.

రైలు గేటు దగ్గర

మా అక్క కూరల పాయింటు నడుపుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తుంది. పప్పు, సాంబారు, రెండు కూరలు, ఒక పచ్చడి వండుతుంది. గిన్నెలన్నీ కారులో సర్దుకుని టౌనుకు పోతుంది. పదకొండు గంటలకల్లా కొట్టు తెరవాలి. ఆలస్యమైతే వచ్చినవాళ్లు వేరే కొట్టుకు పోతారు. వండిన కూర మిగిలిపోతుంది. మిగిలిన కూర మర్నాటికి పనికిరాదు.

ఆ కారు పాత మారుతి 800. ఎవరో వాడి అమ్మేస్తుంటే అక్క కొనుక్కుంది.

మారుతి 800 పేరు వినని ఇల్లు లేదు. 1983 డిసెంబరులో ఈ కారు మొదటిసారి జనం చేతికి వచ్చింది. ఢిల్లీ దగ్గర గుర్గావ్‌లో తయారైంది. 2014 జనవరి వరకు తయారు చేశారు. అంటే ముప్పై ఏళ్లు. ఇప్పుడు కొత్తవి రావు. ఉన్నవన్నీ పాతవే. కొందరు వాటిని ముచ్చటగా దాచుకుంటున్నారు. అక్కలాంటి వాళ్లు ఇంకా పనికి వాడుకుంటున్నారు.

ఒకరోజు పొద్దున అక్క రైలు గేటు దగ్గర ఆగింది. గేటు వేసి ఉంది. ఇంజను ఆపింది. రైలు వెళ్లింది. గేటు లేచింది. అక్క ఇంజను స్టార్టు చేసింది. గేరు వేద్దామని ఎడమ కాలితో క్లచ్ పెడల్ తొక్కింది.

టక్ మని చప్పుడు. పెడల్ కింద దాకా పడిపోయింది. మళ్లీ పైకి రాలేదు. గేరు పడటం లేదు. కరకరమంటోంది. వెనక లారీ హారను. ఆ వెనక బస్సు హారను. అక్కకు ముచ్చెమటలు పట్టాయి.

లారీ క్లీనరు దిగి వచ్చాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. కారును పక్కకు నెట్టారు. గిన్నెలను ఆటోలో వేసుకుని అక్క కొట్టుకు చేరేసరికి పన్నెండున్నర అయింది.

"గేటు ఇవతల ఆగింది కాబట్టి సరిపోయింది. అదే పట్టాల మీద ఆగి ఉంటే?" అని అక్క ఆ రాత్రంతా నిద్రపోలేదు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. ఎప్పుడైనా బండి పట్టాల మీద ఆగిపోతే బండి సంగతి తరువాత. ముందు మనుషులంతా దిగి పట్టాలకు దూరంగా పోవాలి. వెంటనే గేటు మనిషికి చెప్పాలి.

ఏడు వేల మాట

మర్నాడు ఒక మెకానిక్కు వచ్చాడు. కారు తలుపు తీశాడు. పెడల్ వైపు ఒకసారి చూశాడు. వంగనైనా వంగలేదు.

"క్లచ్ మొత్తం పోయిందమ్మా. గేరుబాక్సు దించాలి. ప్లేట్లు మార్చాలి. ఏడు వేలవుతుంది" అన్నాడు.

ఏడు వేలు! అక్కకు నోట మాట రాలేదు. కాసేపటికి తేరుకుని అడిగింది.

"ఏమేమి పోయాయో, దేనికి ఎంతో, కాగితం మీద రాసివ్వండి."

"కాగితాలెందుకమ్మా? నమ్మకం లేదా?"

"నమ్మకం ఉంది. అయినా రాసివ్వండి. నేను చదువుకుంటాను."

అతను రాయలేదు. రేపు వస్తానని వెళ్లాడు. మళ్లీ రాలేదు.

మా వీధి చివర ఒక పెద్ద మేస్త్రి ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు పని చేసి వచ్చారు. ఆటోనగర్ అంటే బండ్ల పనికి పెట్టింది పేరు. అక్కడ లారీలకు బాడీలు కడతారు. ఏ బండికి ఏ సామాను కావాలన్నా దొరుకుతుంది. ఆయన్ను మేమంతా బాబాయ్ అని పిలుస్తాం. అక్క వెళ్లి ఆయన్ను తీసుకొచ్చింది.

బాబాయ్ కారులోకి తల దూర్చి, టార్చి లైటు వేసి చూశారు. పెడల్‌ను చేత్తో అటూ ఇటూ కదిపి చూశారు. తరువాత బానెట్ ఎత్తి గేరుబాక్సు దగ్గర చూశారు. నవ్వుతూ లేచారు.

"అమ్మాయ్, క్లచ్ పోలేదు. క్లచ్ వైరు తెగింది. అంతే."

"అంతేనా బాబాయ్?"

"అంతే. పెడల్ బుష్ కూడా అరిగింది. అదీ మార్చుకుంటే మంచిది. సామాను తెచ్చుకో. నేను చెబుతాను. నువ్వే బిగించు."

"నేనా!"

"సైకిలు బ్రేకు వైరు మార్చడం చూశావా? ఇదీ అంతే. కొంచెం పెద్దది."

క్లచ్ అంటే ఏమిటి?

బాబాయ్ ముందు క్లచ్ సంగతి చెప్పారు. రెండు స్టీలు పళ్లేలు తెమ్మన్నారు. మధ్యలో ఒక గోనెగుడ్డ పెట్టారు.

"పై పళ్లెం గట్టిగా అదిమి తిప్పు" అన్నారు. అక్క తిప్పింది. కింద పళ్లెం కూడా తిరిగింది.

"ఇప్పుడు అదమకుండా, కొంచెం పైకెత్తి తిప్పు." అక్క తిప్పింది. పై పళ్లెం ఒక్కటే తిరిగింది. కింద పళ్లెం కదలలేదు.

"ఇదే క్లచ్" అన్నారు బాబాయ్.

కారులో ఇంజను ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. చక్రాలు కొన్నిసార్లు తిరగాలి. కొన్నిసార్లు ఆగాలి. గేరు మార్చేటప్పుడు ఇంజనుకూ చక్రాలకూ మధ్య పొత్తు కాసేపు తెగాలి. ఆ పొత్తును కలిపేది, విడదీసేది క్లచ్.

మనం పెడల్ తొక్కనప్పుడు లోపలి పళ్లేలు అదుముకుని ఉంటాయి. ఇంజను బలం చక్రాలకు పోతుంది. పెడల్ తొక్కితే అవి విడిపోతాయి. ఇంజను తనపాటికి తాను తిరుగుతుంది. అప్పుడు గేరు మార్చుకోవచ్చు. కాలు మెల్లగా తీస్తే పళ్లేలు మళ్లీ కలుసుకుంటాయి.

అక్క పెడల్ తొక్కింది. కానీ వైరు తెగింది. కాబట్టి పళ్లేలు విడిపోలేదు. అందుకే గేరు పడలేదు.

కాలి నుంచి గేరుబాక్సు దాకా

పెడల్ నుంచి క్లచ్ దాకా ఏమేమి ఉన్నాయో వరసగా చూద్దాం.

పెడల్. ఇది ఇనుప చెయ్యి. మారుతి 800లో పైనుంచి వేలాడుతుంది. కాలు పెట్టే చోట రబ్బరు ఉంటుంది. కాలు జారకుండా ఈ రబ్బరు కాపాడుతుంది.

ఇరుసు. పెడల్ దీని మీద ఊగుతుంది. మన ఊళ్లో ఏతం చూశారు కదా! ఏతానికి ఇరుసు ఎలాగో పెడల్‌కూ అలాగే.

బుష్. ఇరుసుకూ పెడల్‌కూ మధ్య ఉండే చిన్న గొట్టం. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా ఇది తాను అరుగుతుంది.

స్ప్రింగు. కాలు తీయగానే పెడల్‌ను వెనక్కి లాగుతుంది.

క్లచ్ వైరు. ఇందులో రెండు భాగాలు. బయట గొట్టం, లోపల ఉక్కు వైరు. బయటి గొట్టం కదలదు. లోపలి వైరు జరుగుతుంది. ఒక కొస పెడల్ కొక్కేనికి ఉంటుంది. రెండో కొస గేరుబాక్సు మీది చేతికి ఉంటుంది. ఆ కొసకు మరలు ఉంటాయి. మరల మీద నట్టు ఉంటుంది.

గేరుబాక్సు మీది చెయ్యి. వైరు లాగితే ఇది కదులుతుంది. ఇది కదిలితే లోపల ఒక బేరింగు జరిగి పళ్లేలను విడదీస్తుంది.

ఒక లెక్క చూడండి

బాబాయ్ స్కేలు తీసుకుని ఒక లెక్క చెప్పారు.

ఒక పెడల్‌లో ఇరుసు నుంచి కాలు పెట్టే చోటుకు 30 సెంటీమీటర్లు ఉందనుకోండి. ఇరుసు నుంచి వైరు కొక్కేనికి 6 సెంటీమీటర్లు ఉందనుకోండి. 30ని 6తో భాగిస్తే 5.

అంటే మనం 10 కిలోల బలంతో తొక్కితే వైరు మీద 50 కిలోల లాగు పడుతుంది. ఆడవాళ్ల కాలికి బలం చాలదనే మాట ఉత్తది. బలం ఇచ్చేది పెడల్ పొడవు. పొడుగాటి గునపంతో పెద్ద బండరాయిని లేపుతాం కదా, అలాగే.

అయితే ఒకటి ఉంది. బలం ఐదింతలైతే కదలిక ఐదో వంతు అవుతుంది. కాలు 15 సెంటీమీటర్లు కిందికి పోతే వైరు 3 సెంటీమీటర్లే జరుగుతుంది.

అందుకే చిన్న అరుగుదల కూడా పెద్ద నష్టం చేస్తుంది. కొక్కెం దగ్గర 2 మిల్లీమీటర్లు అరిగితే, కాలి దగ్గర 10 మిల్లీమీటర్లు వృథాగా పోతాయి. ఒక సెంటీమీటరు! రూపాయి ఖరీదు లేని అరుగుదల గేరు పడకుండా చేస్తుంది.

పెడల్ ముందే చెబుతుంది

"వైరు ఒక్కరోజులో తెగదమ్మాయ్. పెడల్ ముందే చెప్పి ఉండాలి. నువ్వు విన్లేదు" అన్నారు బాబాయ్.

అక్క ఆలోచించింది. నిజమే. పది రోజుల నుంచి పెడల్ బరువుగా ఉంది. కిర్రుమంటోంది. ముసలి బండి కదా, మూలుగుతోందిలే అనుకుంది.

పెడల్ ఏమేమి చెబుతుందో అక్క నోటుబుక్కులో రాసుకుంది. మీరూ చదవండి.

పెడల్ కిర్రుమంటే: ఇరుసు ఎండిపోయింది. లేదా బుష్ అరిగింది.

పెడల్ బరువెక్కితే: వైరు లోపల తుప్పు పట్టింది. లేదా వైరు పోగులు ఒక్కొక్కటే తెగుతున్నాయి. లేదా గొట్టం మెలిక పడింది.

పెడల్ పైకి రాకపోతే: స్ప్రింగు ఊడింది. లేదా వైరు లోపల పట్టేస్తోంది.

పెడల్ బరువు లేకుండా కింద పడిపోతే: వైరు తెగింది. లేదా కొక్కెం నుంచి ఊడింది.

గేరు వేసేటప్పుడు కరకరమంటే: పళ్లేలు పూర్తిగా విడిపోవడం లేదు. వైరు వదులైంది.

ఇంజను హోరుమంటున్నా కారు ముందుకు పోకపోతే, మాడు వాసన వస్తే: పళ్లేలు గట్టిగా అదుముకోవడం లేదు. వైరు మరీ బిగుతుగా ఉండవచ్చు. లేదా లోపలి ప్లేటు అరిగిపోయి ఉండవచ్చు.

పెడల్ తొక్కగానే లోపల గరగరమని చప్పుడు వస్తే: లోపలి బేరింగు పోయింది.

చివరి రెండూ చూడండి. బేరింగు పోయినా, ప్లేటు అరిగినా గేరుబాక్సు దించాల్సిందే. ఆ పని గ్యారేజీలో మేస్త్రులే చెయ్యాలి. పాత క్లచ్ ప్లేట్లలో రాతినార కలిపేవారు. దాన్నే ఆస్బెస్టాస్ అంటారు. ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. ఆ పొడిని నోటితో ఊదకూడదు. గాలి గొట్టంతో ఊదకూడదు. తడిగుడ్డతో తుడవాలి.

మిగతా చిక్కులు చాలావరకు పెడల్ దగ్గర, వైరు దగ్గర తేలిపోతాయి.

పని మొదలు పెట్టే ముందు

అక్క టౌనుకు పోయి సామాను తెచ్చింది. వైరుకు మూడు వందల యాభై. రెండు బుష్‌లకు అరవై. చిన్న గ్రీజు డబ్బా ఒకటి. బిల్లు అడిగి తీసుకుంది.

పాత వైరు పట్టుకుపోయి కొత్తదానితో కొలుచుకోమని బాబాయ్ ముందే చెప్పారు. ఒకే పేరుతో చాలా రకాలు వస్తాయి. పొడవు తేడా వస్తే పనికిరాదు. తెగిన ముక్కలను రెండింటినీ కలిపి కొలవాలి. అందుకని ముందు పాతది విప్పారు.

పనికి ముందు బాబాయ్ కొన్ని జాగ్రత్తలు చెప్పారు.

ఒకటి. కారు చదునైన చోట ఉండాలి. ఇంజను ఆపి తాళంచెవి తీయాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. హ్యాండ్ బ్రేకు వెయ్యాలి. చక్రాలకు ముందూ వెనకా ఇటుకలో, కర్ర దిమ్మెలో పెట్టాలి.

రెండు. ఇంజను చల్లారాలి. వేడి గొట్టం తగిలితే చెయ్యి కాలుతుంది.

మూడు. చీర కొంగు బొడ్లో దోపుకోవాలి. జడ ముడి వేసుకోవాలి. చేతి గాజులు, ఉంగరం తీసి పక్కన పెట్టాలి. బ్యాటరీ దగ్గర లోహం తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి.

నాలుగు. బ్యాటరీ మైనస్ వైరు విప్పి పక్కన పెట్టాలి.

ఐదు. ఒక్క జాకీని నమ్మి కారు కిందికి ఎప్పుడూ దూరకూడదు. జాకీ జారితే ప్రాణం పోతుంది. కిందికి పోక తప్పదంటే గట్టి స్టాండ్లు పెట్టాలి. స్టాండ్లు లేకపోతే గ్యారేజీకి పోవాలి.

పాతది విప్పడం

ముందు కాగితం తీయమన్నారు బాబాయ్. "బుర్ర మరిచిపోతుంది. కాగితం మరిచిపోదు" అన్నారు.

వైరు ఎటు నుంచి ఎటు పోతోందో అక్క బొమ్మ గీసింది. నట్టు బయట ఎన్ని మరలు కనబడుతున్నాయో లెక్కపెట్టి రాసింది.

తరువాత గేరుబాక్సు దగ్గర నట్టు విప్పింది. నట్టు తుప్పు పట్టి కదల్లేదు. బలవంతం చెయ్యవద్దన్నారు బాబాయ్. నట్టు మీద కొంచెం కిరోసిన్ వేసి పావుగంట ఆగారు. అప్పుడు పానా వేస్తే తిరిగింది. చేతి నుంచి వైరు కొస తీసింది. గొట్టాన్ని పట్టి ఉంచే బిళ్ల నుంచి గొట్టం తీసింది.

తరువాత కారులో పెడల్ దగ్గర వంగి కూర్చుంది. పైన కొక్కెం దగ్గర వైరు రెండో ముక్క వేలాడుతోంది. అది తీసింది. ఇంజనుకూ మనం కూర్చునే చోటుకూ మధ్య ఇనుప గోడ ఉంటుంది. వైరు అక్కడ రంధ్రం గుండా పోతుంది. అక్కడి బిగింపు కూడా విప్పి, వైరును ఇంజను వైపు నుంచి బయటికి లాగింది.

తెగిన చోట చూస్తే వైరు పోగులు చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి. తుప్పు పట్టి ఎర్రగా ఉన్నాయి. ఒక్క కొసన మాత్రం తెల్లగా మెరుస్తోంది.

"చూశావా? ఎర్రగా ఉన్నవి ఎప్పుడో తెగాయి. తెల్లగా ఉన్నది నిన్న తెగింది. చివరి పోగు మీదే నువ్వు ఇన్నాళ్లూ బండి నడిపావు" అన్నారు బాబాయ్.

అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు.

బుష్ మార్చడం

పెడల్‌ను పక్కకు కదిపితే గడగడమంది. కొత్త పెడల్ పైకీ కిందికీ తప్ప పక్కకు అలా కదలదు.

ఇరుసు బోల్టు విప్పి పెడల్ బయటికి తీశారు. బాబాయ్ స్ప్రింగును పట్టుకుని మెల్లగా వదిలారు. స్ప్రింగు ఎగిరితే కంట్లో తగులుతుంది. స్ప్రింగు ఏ చిల్లుకు తగిలించి ఉందో అక్క రాసుకుంది.

పాత బుష్ ఒకవైపు అరిగి కోడిగుడ్డులా కోలగా అయింది. ఇరుసు మీద మట్టీ, ఎండిన గ్రీజూ కలిసి నల్లగా పేరుకుంది. ఇరుసును కిరోసిన్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడిచారు. గోరుతో రాసి చూశారు. గాడి తగల్లేదు. ఇరుసు బాగుంది. గాడి పడి ఉంటే ఇరుసు కూడా మార్చాల్సి వచ్చేది. అరిగిన ఇరుసు మీద కొత్త బుష్ వేస్తే నాలుగు రోజుల్లో అరిగిపోతుంది.

కొత్త బుష్‌ను సుత్తితో నేరుగా కొట్టకూడదు. పగులుతుంది. చిన్న చెక్క ముక్క అడ్డం పెట్టి మెల్లగా లోపలికి దించాలి. ఇరుసుకు పలుచగా గ్రీజు రాయాలి. పెడల్ మళ్లీ ఎక్కించాలి. స్ప్రింగు తగిలించాలి. నట్టు బిగించాలి.

బిగించాక పెడల్‌ను వేలితో ఊపి చూడాలి. పట్టేయకుండా ఊగాలి. పక్కకు మాత్రం కదలకూడదు.

ఎక్కడైనా చీలిక పిన్ను ఉంటే పాతది మళ్లీ వాడకూడదు. ఒకసారి వంచి తీసిన పిన్ను విరుగుతుంది. కొత్త పిన్ను రూపాయల్లో పని. విరిగితే పెడల్ ఊడుతుంది.

ఇంకో సంగతి. పెడల్ రబ్బరుకు గ్రీజు అంటకూడదు. అంటితే సబ్బునీళ్లతో కడగాలి. పక్కనే బ్రేకు పెడల్ ఉంది. కాలు జారితే ప్రమాదం.

కొత్త వైరు వెయ్యడం

ఇంజను వైపు నుంచి వైరును రంధ్రం గుండా లోపలికి తోయాలి. కొక్కేనికి కొంచెం గ్రీజు రాసి పెడల్‌కు తగిలించాలి. గోడ దగ్గర బిగింపు వెయ్యాలి.

తరువాత వైరును అక్క గీసుకున్న బొమ్మ ప్రకారం పరచాలి. గట్టి మెలికలు ఉండకూడదు. పొగ గొట్టానికి దూరంగా ఉండాలి. వేడికి గొట్టం కరుగుతుంది. కదిలే భాగాలకు రాసుకోకూడదు.

గొట్టాన్ని బిళ్లలో కూర్చోబెట్టాలి. వైరు కొసను గేరుబాక్సు చేతికి తగిలించి నట్టు ఎక్కించాలి.

ఇక అసలు పని మిగిలింది. అది కొలత.

రెండు వేళ్ల ఆట

పెడల్‌ను కాలితో కాదు, చేత్తో మెల్లగా నొక్కండి. మొదట కొంత దూరం తేలికగా పోతుంది. తరువాత బరువు తగులుతుంది. తేలికగా పోయే ఆ దూరాన్ని మేస్త్రులు ప్లే అంటారు. మనం ఆట అందాం.

ఈ ఆట తప్పకుండా ఉండాలి. ఎందుకు?

ఆట అసలు లేకపోతే వైరు ఎప్పుడూ లాగి ఉంటుంది. మనం తొక్కకపోయినా క్లచ్ సగం తొక్కినట్టే ఉంటుంది. పళ్లేలు జారతాయి. మాడతాయి. బేరింగు అరుగుతుంది. అప్పుడు నిజంగానే వేలు ఖర్చవుతాయి.

ఆట ఎక్కువైతే పెడల్ సగం దూరం వృథాగా పోతుంది. పళ్లేలు విడిపోవు. గేరు కరకరమంటుంది.

చాలా పాత కార్లకు కాలి దగ్గర ఈ ఆట రెండు సెంటీమీటర్ల దరిదాపు ఉంటుంది. మన రెండు వేళ్ల మందం దాటదు. సరైన కొలత కారుతో వచ్చే పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో రాసిందే ఆఖరి మాట.

అక్క పెడల్ పక్కన స్కేలు నిలబెట్టింది. చేత్తో నొక్కింది. నాలుగు సెంటీమీటర్లు వచ్చింది.

"ఎక్కువైంది బాబాయ్."

"అయితే నట్టు బిగించాలా, వదులు చెయ్యాలా? నువ్వే చెప్పు."

అక్క ఆలోచించింది. "బిగిస్తే వైరు కురచ అవుతుంది. ఆట తగ్గుతుంది. బిగించాలి."

"భేష్."

రెండు చుట్లు బిగించింది. కొలిచింది. ఇంకో చుట్టు. మళ్లీ కొలిచింది. రెండు సెంటీమీటర్లు వచ్చింది. అక్కడ ఆపి నట్టు కదలకుండా బిగించింది.

తరువాత పెడల్‌ను ఇరవైసార్లు తొక్కింది. కొత్త వైరు కొంచెం సర్దుకుంటుంది. అందుకని మళ్లీ కొలిచింది. వారం రోజుల తరువాత ఇంకోసారి కొలవమన్నారు బాబాయ్.

పరీక్ష

బ్యాటరీ వైరు తగిలించారు. కారు ముందూ వెనకా ఎవరూ లేకుండా చూశారు. హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, అక్క ఇంజను స్టార్టు చేసింది. పెడల్ పూర్తిగా తొక్కింది. నాలుగు అంకెలు లెక్కపెట్టింది. రివర్సు గేరు వేసింది.

చప్పుడు లేదు. వెన్నలో కత్తి దిగినట్టు దిగింది.

రివర్సు గేరే ఎందుకు? పళ్లేలు సరిగా విడిపోకపోతే రివర్సు గేరు ముందుగా అరుస్తుంది. అందుకే మేస్త్రులు దాంతో పరీక్షిస్తారు.

ఇటుకలు తీసి, వీధిలో రెండుసార్లు నడిపి చూసింది. మొత్తం పనికి ఒక పూట పట్టింది. ఖర్చు ఐదు వందలు దాటలేదు. బాబాయ్ కూలి తీసుకోనన్నారు. అక్క ఊరుకోలేదు. కూలి డబ్బులు చేతిలో పెట్టింది. గోంగూర పచ్చడి సీసా కూడా ఇచ్చింది.

"పచ్చడికి వద్దనను" అన్నారు బాబాయ్.

అన్ని కార్లూ ఒకటి కాదు

కొన్ని కార్లలో వైరు ఉండదు. దాని బదులు సన్న గొట్టంలో ఆయిల్ ఉంటుంది. పెడల్ తొక్కితే ఆయిల్ నెట్టుతుంది. అలాంటి కారులో పెడల్ మెల్లమెల్లగా కిందికి దిగిపోతుంటే ఆయిల్ కారుతోందని అర్థం. కారు కింద, పెడల్ పైన తడి ఉందేమో చూడాలి. అందులో బ్రేక్ ఆయిలే పొయ్యాలి. ఇంజను ఆయిల్ పోస్తే లోపలి రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. బ్రేక్ ఆయిల్ రంగు మీద పడితే రంగు లేచిపోతుంది. పడిన వెంటనే నీళ్లతో కడగాలి.

కొన్ని పాత బండ్లలో వైరుకు బదులు ఇనుప కడ్డీలు ఉంటాయి. అక్కడా పిన్నులు, బుష్‌లే అరుగుతాయి.

అక్క ఇప్పుడేం చేస్తోంది?

అక్క కారులో ఒక నోటుబుక్కు పెట్టుకుంది. ఏ తేదీన ఏమి మార్చిందో, ఎంత అయిందో రాస్తుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం పెడల్ ఆట కొలుస్తుంది. వైరు కొస దగ్గర పోగులు విచ్చుకున్నాయేమో చూస్తుంది.

నడిపేటప్పుడు క్లచ్ పెడల్ మీద ఊరికే కాలు ఆనించడం మానేసింది. అలా ఆనిస్తే ఆట ఉన్నా లేనట్టే. పళ్లేలు అరుగుతాయి. మారుతున్న గేరు పూర్తిగా పడ్డాక కాలు పక్కన నేల మీద పెడుతుంది.

ఇంకో సంగతి. ఇప్పుడు ఏ మెకానిక్కు దగ్గరికి పోయినా అక్క మూడు మాటలు అడుగుతుంది.

ఏమి పోయింది? నాకు చూపించండి.
ఎంత అవుతుంది? రాసివ్వండి.
మార్చిన పాత సామాను నాకు ఇవ్వండి.

మంచి మేస్త్రి ఈ మాటలకు కోపం తెచ్చుకోడు. సంతోషిస్తాడు.

మొన్న మళ్లీ అదే రైలు గేటు దగ్గర నేనూ అక్క పక్కన కూర్చున్నాను. గేటు లేచింది. అక్క పెడల్ తొక్కింది. ఒక్క క్షణం ఆగింది. చెవి ఒగ్గి విన్నది. కిర్రు లేదు. గేరు వేసింది. పట్టాలు దాటాం.

కొత్త మాటలు

ఇరుసు: పెడల్ ఊగడానికి ఆధారమైన కడ్డీ.
బుష్: ఇరుసు చుట్టూ ఉండే చిన్న గొట్టం.
పానా: నట్టు తిప్పే పనిముట్టు.
ఆట: బరువు తగలకముందు పెడల్ తేలికగా కదిలే దూరం.

ఆలోచించి చెప్పండి

1. పెడల్ కింద పడిపోతే ముందుగా ఏమి చూడాలి?
2. పెడల్ ఆట ఐదు సెంటీమీటర్లు ఉంది. నట్టు బిగించాలా, వదులు చెయ్యాలా? ఎందుకు?
3. పట్టాల మీద బండి ఆగిపోతే మొదట ఏమి చెయ్యాలి?
4. మీ ఇంట్లో సైకిలు, కుట్టు మిషను, మోటారు ఏదైనా ఉందా? అది పాడయ్యే ముందు ఎలాంటి చప్పుడు చేసింది? రాసి చూడండి.